గాలి తాగే పలకలు

మా గువ్వల్లంకలో నావ కావాలంటే కేక వెయ్యాలి. రేవులో ఇసుక మీద నిలబడి, రెండు అరచేతులూ నోటి చుట్టూ పెట్టుకుని "నావోయ్" అని పిలిస్తే, అది గోదారి పాయ దాటి, అవతలి గట్టు మీద పాకలో కూర్చున్న ఏడుకొండలు బాబాయ్ చెవిన పడాలి. బాబాయ్‌కి సెల్‌ఫోను ఉంది. ఎత్తడు. "ఫోన్లో అయితే ఎవరో తెలుత్తాది గానీ ఎంత తొందరో తెలవదు. కేకలో అయితే తెలుత్తాది," అంటాడు.

లంక మొత్తానికి గట్టి కేక మా నాన్నది. నాన్న పేరు సత్తిరాజు. ఎవరికి పురిటి నొప్పులు వచ్చినా, ఎవరిని పాము కరిచినా జనం ముందు మా ఇంటికొచ్చి నాన్నని రేవుకి పిలుచుకుపోయేవారు. ఒక్క కేకకే నావ కదిలేది.

నాన్న కొబ్బరి పీచు మిల్లులో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. ఆ దుమ్ము కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి చేరింది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న కేక మధ్యలో తెగడం మొదలైంది. తొమ్మిదికి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయింది. రోజుకి పదహారు గంటలు ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉండాలన్నారు డాక్టర్లు.

ఆక్సిజన్ బండ టౌను నుంచి వ్యానులో గట్టుదాకా వచ్చేది. అక్కణ్ణుంచి నావ. నావ దిగాక ఇసుకలో బండ దొర్లదు కాబట్టి ఇద్దరు మనుషులు దాన్ని బొంగుకి కట్టి భుజాల మీద మోసుకొచ్చేవారు. బండ నావలో ఉన్నంతసేపూ బాబాయ్ చుట్ట ముట్టించేవాడు కాదు. ఒక బండ మూడు రోజులు వచ్చేది. దాని మెడ దగ్గర గుండ్రటి అద్దంలో ముల్లు ఉంటుంది. అది ఎర్ర గీత వైపు దిగుతుంటే మా ఇంట్లో అందరి మాటలూ తగ్గిపోయేవి.

పొద్దునా సాయంత్రమూ ముల్లు ఎక్కడుందో రాయడం నా పని. నాకు నలుగురిలో మాట్లాడాలంటే భయం. మాట గొంతుదాకా వచ్చి వెనక్కి పోతుంది. అలా వెనక్కి పోయినవన్నీ డైరీలో రాసుకుంటాను. ముల్లు సంగతీ అందులోనే రాసేదాన్ని.

నేను పదో తరగతిలోకి వచ్చిన జూన్ నెలలో డాక్టర్ కమలిని మేడం మా లంకకి వచ్చారు. బండ లేకుండా ఆక్సిజన్ అందించే ఒక కొత్త పదార్థాన్ని ఆవిడ తమ ల్యాబ్‌లో పన్నెండేళ్ళుగా తయారు చేస్తున్నారట. నావలు తప్ప దారి లేని ఊళ్ళో, బండ మీద బతుకుతున్న మనిషి దగ్గర దాన్ని పరీక్షించాలని వచ్చారు.

సంచిలోంచి ఆరు పలకలు తీశారు. బడి పలకంత ఉన్నాయి, ఒకటి నల్లగా, మిగతావి వంకాయ రంగు. వేలితో ముడితే గరుగ్గా ఉన్నాయి.

"ఇవి చల్లగా ఉన్నప్పుడు గాలిలోంచి ఆక్సిజన్ ఒక్కదాన్నే తాగుతాయి. కడుపు నిండితే నల్లబడతాయి. వేడి తగిలితే తాగినదంతా వదిలేస్తాయి," అన్నారు.

"గాలి తాగే పలకలా? నీళ్ళు తాగే మడులు తెలుసుగానండి," అంది నానమ్మ.

మేడం నవ్వి, ముందే నింపి తెచ్చిన ఆ నల్లటి పలకని మూతున్న సత్తు డబ్బాలో పెట్టారు. డబ్బా చుట్టూ ఉన్న అరలో అమ్మ చేత వేడినీళ్ళు పోయించారు. మూతకున్న గొట్టాన్ని, నాన్న ముక్కుకి వెళ్ళే గాలిని తడిపే నీళ్ళ సీసాకి తగిలించారు. ఒక్క నిమిషం ఏమీ లేదు. తర్వాత సీసాలో బుడగలు మొదలయ్యాయి, బండ పెట్టినప్పుడు వచ్చినట్టే. నాన్న కళ్ళు మూసుకుని పీల్చాడు. రక్తంలో ఆక్సిజన్ చూడ్డానికి వేలికి పెట్టే మిషను తొంభై మూడు చూపించింది.

"బండలో గాలి ఇనుము వాసన వచ్చేదండి. ఇది ఏ వాసనా లేదు," అన్నాడు నాన్న.

మేడం ఒక అట్ట మీద మూడు నియమాలు రాసి తలుపుకి కట్టారు. పలకల్ని ఆరుబయట గాలి తగిలేలా వేలాడదీయాలి. పలకలు తడవకూడదు. గొట్టం ఉన్న గదిలో నిప్పు ఉండకూడదు. దేవుడి దీపం లోపలి గదిలో ఉండేది కాబట్టి మూడోదానితో పేచీ లేదు. బండ కూడా ఒకటి మూలన నిలబెట్టే ఉంచమన్నారు.

"ఇది పరీక్షే. ఏ చిన్న తేడా కనిపించినా నాకు చెప్పాలి. తేడా ఉంటే ఆపేసి, సరిచేసి మళ్ళీ మొదలుపెడతాం," అన్నారు వెళ్తూ.

అమ్మ పలకల్ని చూరు కింద దండేనికి వేలాడదీసింది. వాటి పక్కనే నానమ్మ వడియాలు ఎండబెట్టిన చాప. రెండు పలకలు తాగుతుంటే రెండు నాన్నకి ఇచ్చేవి, రెండు తయారుగా ఉండేవి. బండ ఉన్నన్నాళ్ళూ గొట్టం పొడవు ఎంతో నాన్న లోకం అంత. ఇప్పుడు సత్తు డబ్బాని సంచిలో పెట్టుకుని పెరట్లోకి వచ్చి కూర్చునేవాడు. ఒకరోజు బీరపాదుకి పందిరి కట్టాడు. అమ్మ వంటింట్లోంచి అది చూసి, పొయ్యి మీద పాలు పొంగిపోయినా కదల్లేదు.

డైరీలో ఆరోజు రాసుకున్నాను: "నాన్న ఇవాళ మూడు ముడులు వేశాడు. మధ్యలో ఆగలేదు."

శ్రావణంలో వాయుగుండం పట్టింది. ఐదు రోజులు వదలని వాన. వాన చినుకు పడగానే మా లంకలో ఆడవాళ్ళు చేసే మొదటి పని, ఆరేసినవన్నీ లోపలికి తెచ్చెయ్యడం. బట్టలు, వడియాలు, చింతపండు, ఏదైనా సరే. నానమ్మ వడియాల చాప తెచ్చింది. ఆ చేత్తోనే దండెం మీది పలకలూ తెచ్చి, దేవుడి గదిలో మేకులకి వరసగా తగిలించింది. అట్ట మీద తడవకూడదని రాసుందిగా. ఆ గదికి ఒకటే కిటికీ. జల్లు కొడుతుందని అమ్మ దానికి టార్పాలిన్ కప్పి మేకులు కొట్టేసింది.

ఆ వారం డైరీలో ఇలా ఉంది.

"మంగళవారం. దేవుడి దీపం రెండుసార్లు కొండెక్కింది. నూనె ఉంది. గాలి లేదు. నానమ్మ వత్తి మార్చింది.

బుధవారం. దీపం నాలుగుసార్లు కొండెక్కింది. నానమ్మకి తలనొప్పి. నూనె కల్తీదని కొట్టువాణ్ణి తిట్టింది. పలకలు మాత్రం భలే నల్లగా ఉన్నాయి, ఆరుబయట ఉన్నప్పటికన్నా తొందరగా నిండుతున్నాయి. చలికేమో."

బుధవారమే నాకు ఏదో అనుమానం వచ్చింది. నాన్న పీల్చే గాలిని పలక ఎక్కణ్ణుంచో తీసుకోవాలి కదా. కానీ పెద్దవాళ్ళు ఎవరూ అనని మాట నేనెలా అనడం? రాసి, పుస్తకం మూసేశాను.

గురువారం మధ్యాహ్నం నానమ్మ తల నొప్పిగా ఉందని దేవుడి గదిలో పడుకుంది. చలిగాలి వస్తోందని తలుపు కూడా వేసుకుంది. మూడు గంటలకి నా లెక్కల పుస్తకం కోసం ఆ గది తలుపు తోశాను. లోపల చీకటి. దీపం లేదు. వెలిగిద్దామని అగ్గిపుల్ల గీశాను. పుల్ల భగ్గుమని, వెంటనే ఎవరో నొక్కేసినట్టు ఆరిపోయింది. ఇంకోటి గీశాను. అదీ అంతే.

"నానమ్మా," అన్నాను. పలకలేదు. తట్టాను. చెయ్యి జారి కింద పడింది. తలుపు వెలుతురులో పెదాలు నేరేడు పండు తిన్నట్టు కనిపించాయి.

నాకూ కళ్ళు తిరిగాయి. నానమ్మ చంకల కింద చేతులు పెట్టి చాపతో సహా ఈడ్చాను. ముందు గదిలోకి రాగానే నోరు తెరిచి "అమ్మా" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని అప్పటిదాకా నాకు తెలియదు. వానలో మూడిళ్ళ అవతలి వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "సత్తిరాజు కేకనుకున్నాం," అన్నారు.

నానమ్మని అరుగు మీద పడుకోబెట్టారు. జల్లు మొహాన కొడుతోంది. అమ్మ వేలికి మిషను పెట్టింది. డెబ్బై ఆరు. ఎనభై. ఎనభై ఏడు. తొంభై దాటాక నానమ్మ కళ్ళు తెరిచి, "ఈ వానలో నన్నెందుకు పడుకోబెట్టేరే, మీ మొహాలు మండా," అంది. అమ్మ ఏడుస్తూ నవ్వింది.

అప్పుడు చెప్పాను. డైరీ తెచ్చి అమ్మకి చదివి వినిపించాను. పలకలు గదిలో గాలి తాగేశాయి, అందుకే దీపం కొండెక్కింది, నానమ్మకీ అందుకే అలా అయింది అని. అమ్మ వెంటనే పలకలన్నీ తీసుకెళ్ళి, నాలుగు వైపులా తెరిచి ఉండే పశువుల పాకలో తగిలించింది.

నానమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మేడంగారికి సెప్పకే. సెప్తే పలకలు అట్టుకుపోతారు. మళ్ళీ మీ నాన్న బండకి కట్టేసిన గేదైపోతాడు."

"అది కాదు నానమ్మా..."

"నోరుముయ్యి. నాకేమైంది, రాయిలాగున్నాను."

లోపలి నుంచి చప్పుడు వినిపించింది. నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. అంతా విన్నాడు. ముక్కులోంచి గొట్టం తీసి దిండు మీద పెట్టేశాడు.

"నాకొద్దు. మా అమ్మ పీక నొక్కి పీల్చుకునే ఊపిరి నాకొద్దు."

అమ్మ గబగబా వెళ్ళి గొట్టం పెట్టబోయింది. నాన్న తోసేశాడు. అమ్మ ఆయన వేలికి పెట్టిన మిషను తొంభై నుంచి దిగుతోంది. నానమ్మ గోడ పట్టుకుని లేచి లోపలికి నడిచింది. మంచం దగ్గర నిలబడి కొడుకు వైపు చూసింది.

"నా పొట్టలో తొమ్మిది నెల్లు నా ఊపిరే పీల్చేవురా. అప్పుడు నన్నడిగేవా?"

నానమ్మే గొట్టం ముక్కుకి పెట్టి, చెవుల వెనక సరిచేసింది. కాసేపటికి నాన్న నన్ను పిలిచాడు.

"వీరేణీ. నువ్వెళ్ళి మేడంగారికి సెప్పు. దీపం సంగతి, నానమ్మ సంగతి, అన్నీ. నేనడుగుతున్నాను." రెండు మాటలకొకసారి ఆగుతూ చెప్పాడు. "ఇంకో ఇంట్లో ఇంకో ముసలమ్మ ఉంటాది కదమ్మా."

శనివారం వాన వెలిసి గోదారి వరద తగ్గింది. ఏడుకొండలు బాబాయ్ నన్ను నావ దాటించి, బస్సెక్కించి, తనే ల్యాబ్‌దాకా తీసుకొచ్చాడు. తెల్లకోటు వాళ్ళని చూసి గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, "నేనిక్కడుంటాలే, నువ్వెల్లు," అన్నాడు.

మేడం నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. డైరీ తెరిచి మంగళవారం దగ్గర వేలు పెట్టి ఇచ్చాను. ఆవిడ చదివారు. రెండోసారి చదివారు. తర్వాత లేచి ఒక పెద్ద గాజు పెట్టెలో నాలుగు ఖాళీ పలకలు పెట్టి, పక్కన చిన్న దీపం వెలిగించి మూత వేశారు. గడియారం నా చేతికిచ్చారు. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. జ్వాల పసుపు నుంచి నీలానికి మారి, వత్తిని వదిలి లేచినట్టు లేచి, కొండెక్కింది.

"పదకొండు నిమిషాలండి," అన్నాను. ల్యాబ్‌లో నా మొదటి మాట అదే.

ఆవిడ కాసేపు మూత మీదే చెయ్యి ఉంచుకున్నారు. "ఆరుబయట ఉంచమన్నాను, తడవకూడదన్నాను. వానొస్తే రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో ఆలోచించలేదు. మా ల్యాబ్‌లో వాన పడదు కదా వీరవేణీ."

"మా నానమ్మ వడియాలతో పాటు తెచ్చేసిందండి. చినుకు పడితే అన్నీ తెచ్చేస్తారండి మా ఊళ్ళో."

"ఇంకెవరింటికీ ఇవ్వకముందే చెప్పావు. బతికించావు," అన్నారు. కానీ ఆ వెంటనే నేను భయపడిన మాటా అన్నారు. పలకలన్నీ వెనక్కి తీసుకోవాలి. సరిచేసేదాకా నాన్న బండ మీదే ఉండాలి.

నలభై రోజులు. నాన్న మళ్ళీ గొట్టం పొడవు లోకంలోకి వెళ్ళిపోయాడు. బీరపాదు పందిరి దాటి వాలిపోతే ఎవరూ కట్టలేదు. నానమ్మ నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది గానీ నా మొహం చూసేది కాదు. భాద్రపదంలో మళ్ళీ వరదొచ్చి నావ ఆగిన రోజు ముల్లు ఎర్ర గీత మీదకి వచ్చేసింది. అమ్మ రేవులో నిలబడి కేక వేస్తే గాలికి వెనక్కి వచ్చేస్తోంది. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. అరచేతులు నోటి చుట్టూ పెట్టుకున్నాను. "నావోయ్." రెండో కేకకి బాబాయ్ పాకలోంచి బయటికి వచ్చాడు. ప్రవాహానికి ఏటవాలుగా నావ నడిపి, మైలు కిందికి పోయి ఒడ్డెక్కి, బండ దించాడు. ఆ సాయంత్రం సీసాలో బుడగలు చూస్తూ, చెప్పి తప్పు చేశానా అని రాసుకుని, ఆ మాట మీద అడ్డంగా గీత కొట్టేశాను.

ఆశ్వయుజంలో మేడం వచ్చారు. ఈసారి ఒక్కో పలక ఒక్కో రేకు పెట్టెలో ఉంది. పెట్టెకి పైన గొడుగులాంటి కప్పు, ముందు తాటాకంత పల్చటి రేకు తలుపు. మేడం ఊదితే తలుపు కదల్లేదు. పెరట్లోకి తీసుకెళ్ళగానే గోదారి గాలికి టపటపమని తెరుచుకుంది.

"గాలి కదులుతుంటేనే తాగుతుంది. గాలి ఆగితే నోరు మూసుకుంటుంది. వానలో కూడా బయటే ఉండొచ్చు," అన్నారు.

నాకొక సందేహం వచ్చింది. గొంతుదాకా వచ్చింది. ఈసారి వెనక్కి పోనివ్వలేదు. "గదిలో ఫ్యాను వేస్తేనండీ?"

మేడం నా వైపు తిరిగి నవ్వారు. "మా ల్యాబ్‌లో ఇది అడగడానికి పది రోజులు పట్టింది. స్ప్రింగు గట్టిది వేశాం. ఫ్యాను గాలి చాలదు. అయినా పరీక్ష ఇక్కడే చేద్దాం, మీ నానమ్మగారి గదిలోనే."

నాన్నని బండతో సహా అరుగు మీదకి మార్చాం. దేవుడి గదిలో ఆరు పెట్టెలూ మేకులకి తగిలించాం, పాతవాటిలాగే. కిటికీకి టార్పాలిన్ కప్పాం. ఫ్యాను వేశాం. నానమ్మ ఫ్యాను గాలి తగలని మూలలో దీపం వెలిగించి, ఏదో గొణుక్కుని బయటికి వచ్చింది. తలుపు మూశాం. అందరం అరుగు మీద కూర్చున్నాం. అమ్మ బీరకాయలు తరిగింది. మేడం మూడుసార్లు గడియారం చూసుకున్నారు. నాన్న ఎటూ చూడకుండా తలుపునే చూస్తున్నాడు. గంట. రెండు గంటలు. మూడు.

"తియ్యండిక. దేవుడికి ఉక్కపోత్తాది," అంది నానమ్మ.

నేనే తలుపు తోశాను. దీపం నిటారుగా, పసుపుగా, పొద్దున వెలిగించినట్టే ఉంది. పలకలు తెచ్చినప్పటి వంకాయ రంగులోనే ఉన్నాయి. నా వెనక అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. మేడం గుమ్మంలోనే కూర్చుండిపోయారు.

నానమ్మ లోపలికి వచ్చి దీపం చూసింది, పలకలు చూసింది, చివరికి నన్ను చూసింది. "నూనె మంచిదే అన్నమాట. ఆ కొట్టోణ్ణి అనవసరంగా తిట్టేను," అంది. నా జడ పట్టుకుని గుంజి, తల మీద చెయ్యి వేసింది. నలభై రోజుల మౌనం అలా అయిపోయింది.

పెట్టెల్ని పెరట్లో దండేనికి కట్టాం. పొద్దుటికల్లా నల్లగా నిండాయి. పది రోజులకి నాన్న పందిరి సరిచేశాడు. పదిహేనో రోజు ఆదివారం. కొత్త పలకల గురించి నేను వారం వారం రాస్తున్న రాతలు మేడంకి ఇచ్చిరావాలి. నేను సంచి సర్దుకుంటుంటే నాన్న సత్తు డబ్బా భుజానికి తగిలించుకుని, "పద, నేనూ రేవుదాకా వత్తాను," అన్నాడు.

దారిలో నాలుగుసార్లు ఆగాడు. నేను తొందర పెట్టలేదు. రేవులో ఎండగా ఉంది. అవతలి గట్టు మీద పాక, పాక ముందు బాబాయ్ చుట్ట పొగ కనిపిస్తున్నాయి. నేను చేతులు నోటి దగ్గర పెట్టుకోబోయాను. నాన్న నా మోచెయ్యి పట్టుకుని దింపాడు.

ముక్కు గొట్టం సరిచేసుకుని రెండుసార్లు మెల్లగా పీల్చాడు. మూడోసారి నిండుగా పీల్చాడు.

"నా... వోయ్."

మధ్యలో కొంచెం తెగింది. ఇదివరకటి కేకలో సగం కూడా లేదు. అయినా పాయ మీదుగా వెళ్ళింది. అవతల పొగ ఆగిపోయింది. బాబాయ్ లేచి నిలబడ్డాడు. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చాలాసేపు మా వైపు చూశాడు. తర్వాత నీళ్ళ మీంచి ఆయన గొంతు వచ్చింది.

"ఎవడ్రా అదీ? సగం కేకే వచ్చింది, మిగతా సగం ఏదీ?"

నాన్న నవ్వాడు. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వాడు. ఇంకోసారి నిండుగా పీల్చుకుని, చేతులు నోటి చుట్టూ పెట్టుకున్నాడు.

"రేపేత్తానురోయ్! ముందు నావ తే!"

నావ కదిలింది.